కోపం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆపాలి (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కోపం చెడ్డదని చెప్పడానికి ఇంతమంది పనులు మానుకుని వచ్చి కూర్చోనక్కర్లేదు. "తన కోపమె తన శత్రువు" అని చిన్నప్పుడే అందరం అప్పజెప్పాం. అప్పజెప్పిన అందరికీ కోపం వస్తూనే ఉంది. కాబట్టి ఈ గంటసేపు మరో మూడు సంగతులు మాట్లాడుకుందాం. మన పెద్దలు కోపాన్ని ఎలా విడదీసి చూశారు? ఏ దశలో ఏం చెయ్యమన్నారు? చెయ్యబోయి మనం ఎక్కడ పొరబడుతున్నాం?

నాకు తోచింది ముందే చెప్పేస్తాను. కోపాన్ని ఆపాల్సిన చోటు ఒకటి, తగ్గించుకోవాల్సిన చోటు మరొకటి. ఆపాల్సింది నోటి దగ్గర. తగ్గించుకోవాల్సింది కోరిక దగ్గర. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. నోరు జారబోయే క్షణంలో వేదాంతం గుర్తుచేసుకోవాలని చూస్తాం, అది గుర్తురాదు. తీరిగ్గా కూర్చుని ఆలోచించుకోవాల్సిన కోరిక జోలికి మాత్రం వెళ్ళం. అందుకే ఏళ్ళ తరబడి పారాయణ చేసినవాళ్ళు కూడా "నా కోపం మాత్రం తగ్గలేదండీ" అంటారు.

గీత 2వ అధ్యాయంలో 62, 63 శ్లోకాలు మీలో చాలామందికి నోటికి వచ్చు.

ధ్యాయతో విషయాన్ పుంసః సంగస్తేషూపజాయతే
సంగాత్ సంజాయతే కామః కామాత్ క్రోధోఽభిజాయతే
క్రోధాద్ భవతి సమ్మోహః సమ్మోహాత్ స్మృతివిభ్రమః
స్మృతిభ్రంశాద్ బుద్ధినాశో బుద్ధినాశాత్ ప్రణశ్యతి

ఇందులో మెట్లు ఎనిమిది. ఒకదాన్ని పదే పదే తలుచుకోవడం, దాన్ని పట్టుకు వేలాడటం, కోరిక, కోపం, మంచిచెడ్డలు తెలియకపోవడం, జ్ఞాపకం తప్పడం, బుద్ధి పనిచెయ్యకపోవడం, చివరికి చెడిపోవడం. కోపం నాలుగోది. అంటే "నాకు కోపం వచ్చింది" అని మనకు తెలిసేసరికే మూడు మెట్లు దాటేశాం.

మన ఇళ్ళలో జరిగేదే ఒకటి తీసుకుందాం. అన్నగారి కూతురి పెళ్ళి. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ తమ్ముడి ఇంటికి వచ్చింది. చూస్తే ఆహ్వానించేవాళ్ళ పేర్లలో బావగారి పేరుంది, మేనమామ పేరుంది, సొంత బాబాయి పేరు లేదు. శుభలేఖని టీవీ పక్కన పెట్టాడు. అటు వెళ్ళినప్పుడల్లా కన్ను దాని మీదే పడుతుంది. అదే 'ధ్యాయతః'. ధ్యానమంటే దేవుడి మీదే అక్కర్లేదు, మనసు దేని చుట్టూ తిరిగితే దాని మీదే ధ్యానం. మూడో రోజుకి అది అచ్చులో జరిగిన పొరపాటు కాకుండా పోయింది, 'నా పరువు' అయి కూర్చుంది. అది సంగం. వారం తిరిగేసరికి మనసులో ఒక షరతు తయారైంది: అన్నయ్యే ఫోన్ చెయ్యాలి, చేసి "తప్పయిందిరా" అనాలి. ఇదిగో, ఇదే కామం. ఈ కోరిక భార్యకి చెప్పలేదు, అన్నకి అసలే తెలియదు. ఆయన వంటవాళ్ళతో, మండపం వాళ్ళతో తలమునకలుగా ఉన్నాడు. పెళ్ళిరోజు వచ్చింది, ఫోన్ రాలేదు. కామాత్ క్రోధః.

అక్కడి నుంచి మెట్లు చకచకా దిగిపోతాయి. పెళ్ళిలో ఏం చూసినా తన అనుమానానికే సాక్ష్యం. గుమ్మం దగ్గర పన్నీరు చల్లే అమ్మాయి అటు తిరిగింది, కావాలనే. వదిన చూసి కూడా పలకరించలేదు, కావాలనే. ఇది సమ్మోహం. తర్వాత జ్ఞాపకం. జ్ఞాపకం అంతా చెరిగిపోదు, కావలసిన భాగం ఒక్కటే పోతుంది. నాన్న పోయినప్పుడు అన్న తన చదువు మానుకుని తమ్ముణ్ణి చదివించిన సంగతి ఆ గంటలో తలపుకే రాదు. ఇరవై ఏళ్ళ కిందటి పొలం తగాదా మాత్రం తారీకులతో సహా గుర్తుంటుంది. ఆచార్య శంకరులు ఇక్కడ భాష్యంలో స్పష్టంగా చెప్పారు: శాస్త్రం, ఆచార్యుడు ఉపదేశించినదాని సంస్కారం వల్ల కలగాల్సిన స్మృతి, కలగాల్సిన వేళకి కలగకపోవడమే స్మృతిభ్రంశం. ఇంతకుముందు నేనన్నది ఇందుకే. ఆ క్షణంలో శ్లోకం గుర్తొస్తుందిలే అన్న భరోసా పెట్టుకోకండి. గుర్తు రాకపోవడమే కోపం లక్షణం.

చివరికి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. రెండిళ్ళకీ రాకపోకలు తెగిపోయాయి. ప్రణశ్యతి అంటే ఎక్కడో నరకంలో పడటమే కానక్కర్లేదు, ఇదీ అదే.

ఆ తమ్ముడికి ఎంత సమయం ఉందో చూడండి. మొదటి మూడు మెట్ల దగ్గర పదిహేను రోజులుంది. నాలుగో మెట్టు దగ్గర అర నిమిషం. పదిహేను రోజులున్న చోట చెయ్యాల్సిన పనిని అర నిమిషంలో చెయ్యబోతే కాదు.

పదిహేను రోజుల పని ఏమిటో ముందు చెబుతాను. ఎవరి మీదైనా మంట రగులుతోందని తెలియగానే, చల్లబడి ఉన్నప్పుడు ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాయండి: "వాళ్ళు ఫలానాది చెయ్యాలని నేను కోరుకున్నాను." ఇక్కడ నూటికి తొంభైమంది పొరపాటు చేస్తారు. కోరికకి బదులు ఎదుటివాడి తప్పు రాస్తారు. "వాడికి పెద్దా చిన్నా లేదు" అన్నది కోరిక కాదు, తీర్పు. కొట్టేసి మళ్ళీ రాయండి. "అన్నయ్య ఫోన్ చేసి తప్పయిందని అనాలి." ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఈ కోరిక అవతలివాళ్ళకి నా నోటితో చెప్పానా? చెప్పకపోతే చెప్పాలి, సగం కోపాలు అక్కడే తీరిపోతాయి. చెప్పినా వినలేదా? అయితే ఇది నాకు న్యాయంగా రావాల్సిందా, వస్తే బాగుండుననుకున్నదా? న్యాయంగా రావాల్సింది అయితే దానికో మార్గం ఉంటుంది, పెద్దమనుషులో, కాగితమో, కోర్టో, ఆ మార్గం పట్టాలి. వస్తే బాగుండునన్నదైతే వదలాలి. వదలడం కష్టమే. కానీ దాని పేరు ఇప్పుడు తెలిసింది. 3వ అధ్యాయంలో అర్జునుడు "ఇష్టం లేకపోయినా మనిషి చేత ఎవరో బలవంతంగా చేయించినట్టు పాపం ఎందుకు చేస్తాడు" అని అడిగితే భగవానుడు "కామ ఏష క్రోధ ఏష", ఇది కామమే, ఇది క్రోధమే అన్నాడు. రెంటినీ కలిపి ఒక్క శత్రువుగానే చూపించాడు. కోపాన్ని విడిగా పట్టుకుని నలపడం వల్ల ప్రయోజనం లేదని దానర్థం.

ఇక ఆ అర నిమిషం సంగతి. 5వ అధ్యాయం 23వ శ్లోకంలో "కామక్రోధోద్భవం వేగం" అన్నారు. ఆ వేగాన్ని ఇక్కడే, ఈ శరీరం ఉండగానే సహించగలిగినవాడే యోగి, వాడే సుఖి. 'వేగం' అన్న మాట ఆయుర్వేదంలోనూ ఉంది. చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం మొదలయ్యేదే వేగాలతో. బలవంతంగా ఆపకూడని వేగాలు 13 చెప్పారు. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీళ్ళు, తుమ్ము, ఆవలింత, మలమూత్రాలు ఇలాంటివి. ఆపి తీరవలసిన వేగాలు వేరే చెప్పారు. లోభం, శోకం, భయం, క్రోధం, మానం అంటే గర్వం, ఆ వరసలోవి. మనం చేసేది చూడండి. ఆకలిని ఆపుతాం, నిద్రని ఆపుతాం. ఆపకూడనివి ఆపితే, ఆపాల్సింది ఆగదు.

దీనికి భారతంలో ఉన్నంత కచ్చితమైన ఉదాహరణ మరెక్కడా లేదు. పరీక్షిన్మహారాజు అరవై ఏళ్ళవాడు. వేటలో దెబ్బతిన్న మృగం తప్పించుకుంటే దాని వెంట అడవిలో తిరిగి తిరిగి అలిసిపోయాడు. ఆకలి, దప్పిక. శమీకముని కనిపిస్తే అడిగాడు, ఇటు మృగం వెళ్ళిందా అని. ముని మౌనవ్రతంలో ఉన్నాడు. పలకలేదు. రాజు వింటికొప్పుతో చచ్చిన పాముని ఎత్తి ముని మెడలో వేసి వెళ్ళిపోయాడు. ఆ రాజు దుర్మార్గుడు కాదు, ధర్మాత్ముడని పేరున్నవాడు. ముని కొడుకు శృంగికి కృశుడనే తోటివాడు ఈ సంగతి ఎగతాళిగా చెప్పాడు. అబ్బాయి అక్కడికక్కడే శపించాడు, ఏడు రోజుల్లో తక్షకుడు కాటేస్తాడని. ఆ చావు మీద కోపంతో రాజు కొడుకు జనమేజయుడు సర్పయాగం చేశాడు. ఆస్తీకుడు వచ్చి ఆపేదాకా అది ఆగలేదు. ఎక్కడ మొదలైంది? అలిసిన మనిషికి వేళకి గుక్కెడు నీళ్ళు దొరకని చోట.

మెడలో పాము పడినా చలించని శమీకుడు కొడుకు శాపం విని బాధపడ్డాడు. ఆ మాటల్నే నన్నయగారు అందమైన కందంలో పెట్టారు:

క్రోధమ తపముం జెఱచును
గ్రోధమ యణిమాదులైన గుణములఁ బాపుం
గ్రోధమ ధర్మక్రియలకు
బాధ యగుం గ్రోధిగాఁ దపస్వికిఁ జన్నే

కోపం తపస్సుని చెరుపుతుంది, అణిమ వంటి సిద్ధుల్ని పోగొడుతుంది, ధర్మకార్యాలకి అడ్డవుతుంది, తపస్వికి కోపం తగునా అని. అన్నాక ఊరుకోలేదు, గౌరముఖుడనే శిష్యుణ్ణి పంపి రాజుని జాగ్రత్తపడమని హెచ్చరించాడు. శాపం తప్పించలేకపోయినా కబురు పంపగలడు, అది చేశాడు. ఇంట్లో ఒకరి కోపం వల్ల మరొకరికి హాని జరగబోతోందని తెలిసినప్పుడు పెద్దల పని అదే.

కాబట్టి మొదటి జాగ్రత్త చాలా మామూలుది. ఆఫీసు నుంచో పొలం నుంచో వచ్చిన మనిషితో గుమ్మంలోనే లెక్కలు, మార్కులు, కరెంటు బిల్లు ఎత్తవద్దు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, నాలుగు మెతుకులు తిన్నాక ఎత్తండి. రాత్రి పది దాటాక తగవు మొదలైతే "రేపు పొద్దున మాట్లాడుకుందాం" అనండి. నిద్ర చాలని మనిషికి బ్రహ్మోపదేశం చేసినా ఎక్కదు.

వేగం రానే వచ్చింది, అప్పుడు? నోరు. ఇక్కడ విశ్వామిత్రుడు గురువు. రామాయణం బాలకాండలో ఆయన తపస్సు భంగం చెయ్యడానికి ఇంద్రుడు రంభను పంపాడు. రంభకి రావడం ఇష్టం లేదు, శపిస్తాడేమోనని వణుకుతూనే వచ్చింది. ఇది ఇంద్రుడి పని అని విశ్వామిత్రుడికి తెలిసిపోయింది. తెలిసీ ఎవర్ని శపించాడు? రంభని. పదివేల సంవత్సరాలు రాయివై పడి ఉండమన్నాడు. కోపం ఎప్పుడూ పై నుంచి కిందికి పారుతుంది. ఆఫీసులో పైవాడి మీద వచ్చింది ఇంట్లో చిన్నవాడి మీద పడుతుంది. ఎవరి మీద వచ్చింది, ఎవరి మీద చూపిస్తున్నాను అని ఒక్కసారి అడిగితే చాలా అరుపులు గొంతులోనే ఆగిపోతాయి.

తపస్సు పోయాక ఆయన చేసిన నిశ్చయం గమనించండి. "న చ వక్ష్యే కథంచన", ఏం జరిగినా మాట్లాడను. కోపం రానివ్వనని అనుకుని అంతటితో ఊరుకోలేదు, నోరు కట్టేసుకున్నాడు, ఊపిరిని కూడా పట్టులోకి తెచ్చుకుంటానన్నాడు. వెయ్యేళ్ళ వ్రతం ముగిసి అన్నం ముందు కూర్చుంటే ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి ఆ అన్నం అడిగాడు. ఉన్నదంతా పెట్టేశాడు, ఒక్క మాట అనలేదు. పరీక్షిత్తు ఓడిపోయిన చోటే, ఆకలి దగ్గరే, ఈయన గెలిచాడు.

మనకి వెయ్యేళ్ళు అక్కర్లేదు, ఒక నిమిషం చాలు. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 34వ సూత్రం "ప్రచ్ఛర్దన విధారణాభ్యాం వా ప్రాణస్య". ఊపిరిని బయటికి వదలడం, నిలపడం వల్ల చిత్తం తేరుకుంటుంది. కోపం వేళకి ఇందులో వదలడం ఒక్కటే తీసుకోండి. నోరు మూసి, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టే సేపు గాలి తీసుకోండి, ఎనిమిది లెక్కపెట్టే సేపు సన్నగా వదలండి, చివర్లో పొట్ట కొంచెం లోపలికి పోవాలి. ఇలా ఆరుసార్లు. నిమిషం పైచిలుకు పడుతుంది. నిలబడి ఉంటే కూర్చోండి. చేతిలో గరిటె ఉన్నా, ఫోన్ ఉన్నా కింద పెట్టండి.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయో చెబుతాను. కొందరు గట్టిగా గాలి పీల్చి బిగబడతారు. దానితో మొహం ఇంకా ఎర్రబడుతుంది. రక్తపోటు ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అసలు బిగబట్టకూడదు. మరికొందరు "హుఁ" అని అందరికీ వినపడేలా వదులుతారు. అది ప్రాణాయామం కాదు, ఎదుటివాళ్ళ మీద విసిరిన మాటే. అన్నిటికంటే పెద్ద తప్పు, మౌనాన్ని ఆయుధం చెయ్యడం. మూడు రోజులు భార్యతో మాట్లాడకుండా పిల్లల చేత కబుర్లు పంపడాన్ని మౌనం అనరు. మౌనానికి గడువు ఉండాలి, ఆ గడువు పైకి చెప్పాలి. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది, అన్నాలయ్యాక మాట్లాడదాం" అని చెప్పి, అన్నాలయ్యాక నిజంగా మాట్లాడాలి. మాట తప్పితే రెండోసారి ఎవరూ మీ మౌనాన్ని నమ్మరు.

నోరు జారనే జారితే ఏమవుతుందో కర్ణపర్వంలో ఉంది. యుద్ధం 17వ రోజు. కర్ణుడి బాణాలకి గాయపడి ధర్మరాజు శిబిరానికి వచ్చేశాడు. అన్నని చూద్దామని అర్జునుడు వచ్చాడు. కర్ణుణ్ణి చంపే వచ్చాడనుకుని ధర్మరాజు సంతోషించాడు, చంపలేదని తెలిసి ఆ నొప్పిలో "ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి" అన్నాడు. గాండీవం ఇంకొకరికి ఇమ్మన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి రహస్యంగా ఒక ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూశాడు, అన్న మీద. "కోపం వచ్చినవాడు గురువుని కూడా తిడతాడు" అని శంకరులు గీతాభాష్యంలో రాసింది మనకి ఇక్కడ కళ్ళకి కడుతుంది. గీత విన్నవాడు, పదిహేడు రోజులు కాలేదు, కత్తి దూశాడు.

కృష్ణుడు అడ్డుపడి ఒక ఉపాయం చెప్పాడు. గౌరవించాల్సిన పెద్దవాణ్ణి 'నువ్వు' అని ఏకవచనంలో పిలిస్తే, ఆయన్ని చంపినట్టే. అలా అను, ప్రతిజ్ఞ తీరుతుంది. అర్జునుడు అన్నాడు, చాలా కటువుగా అన్నాడు. మీరు అనే చోట నువ్వు అన్నందుకే హత్యతో సమానమని మన ఇతిహాసం చెబుతోంది. కోపంలో "నోటిమాటేగా, కొట్టలేదుగా" అనేవాళ్ళు ఈ ఘట్టం చదవాలి.

కథ ఇక్కడితో ఆగలేదు. కోపం చల్లారగానే అర్జునుడు మళ్ళీ కత్తి తీశాడు. ఈసారి తనను తాను నరుక్కోవడానికి. సుందరకాండ 55వ సర్గలో హనుమంతుడిదీ ఇదే స్థితి. లంకకు నిప్పుపెట్టాక గుండె ఝల్లుమంది: సీతమ్మ కూడా కాలిపోయిందేమో! "ధన్యాస్తే పురుషశ్రేష్ఠాః", లేచిన కోపాన్ని బుద్ధితో ఆపుకునేవాళ్ళు ధన్యులు, మండే మంటని నీళ్ళతో ఆపినట్టు, అని తనను తాను నిందించుకుని, చచ్చిపోదామా అన్నంత వరకూ వెళ్ళాడు. తర్వాత ఆలోచన నిలిచింది. నా తోకనే కాల్చని అగ్ని ఆమెను కాలుస్తుందా అని తర్కించుకున్నాడు. ఆకాశంలో తిరిగే చారణులనే దేవగణం మాటలు విన్నాడు. అప్పుడు కూడా ఊరికే తేలికపడలేదు, స్వయంగా వెళ్ళి సీతమ్మని చూసి మరీ బయల్దేరాడు.

ఈ రెండు ఘట్టాలు పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఒకటే. అతిగా వచ్చే పశ్చాత్తాపం కూడా వేగమే. బయటికి తిరిగిన కోపం లోపలికి తిరిగింది, అంతే. పిల్లవాణ్ణి కొట్టి, గంట తర్వాత వాడి ముందే తల బాదుకుని ఏడ్చే తల్లిదండ్రులు ఉన్నారు. వాడికి రెండూ భయమే. చెయ్యాల్సింది హనుమంతుడు చేసినట్టు: ఎంత నష్టం జరిగిందో వెళ్ళి చూడటం. క్షమాపణ చెప్పేటప్పుడు "నేను పాపిష్టిదాన్ని" అనడం కాదు, "నిన్న నలుగురిలో నిన్ను దద్దమ్మ అన్నాను, అది తప్పు" అని ఫలానా మాట పేరుపెట్టి చెప్పాలి. "నువ్వు విసిగిస్తే అన్నాను" అన్న తోక తగిలించకూడదు.

రోజూ చేసుకునే లెక్క ఒకటుంది. సంధ్యావందనం చేసేవాళ్ళకి తెలుసు, ఉదయం "సూర్యశ్చ మా మన్యుశ్చ", సాయంత్రం "అగ్నిశ్చ మా మన్యుశ్చ" అని మంత్రాచమనం. కోపం వల్ల చేసిన పాపాల నుంచి రక్షించమని. తర్వాత ఆ పాపాలు ఎక్కడెక్కడ జరిగాయో వరసగా వస్తుంది: మనసా, వాచా, హస్తాభ్యాం, పద్భ్యాం, ఉదరేణ. రోజుకి రెండుసార్లు కోపం లెక్క చూసుకోమని నిత్యకర్మలోనే పెట్టారంటే ఎంత ముందుచూపు! మంత్రం లేనివాళ్ళు ఈ వరసని తెలుగులో వాడుకోండి. పడుకునే ముందు అయిదు నిమిషాలు. మనసులో ఎవర్ని తిట్టుకున్నాను? నోటితో ఏమన్నాను? చేత్తో ఏం విసిరాను, ఏ తలుపు దభాలున వేశాను? కాలితో ఎక్కడి నుంచి విసురుగా వెళ్ళిపోయాను? కంచం ముందు అలిగానా? అయిదింటిలో ఏది ఎక్కువసార్లు వస్తోందో పది రోజుల్లో తెలిసిపోతుంది. మీ కోపం బయటపడే దారి అదే, కాపలా అక్కడ పెట్టాలి.

పతంజలి ఇంకా సూక్ష్మంగా వెళ్ళారు. రెండో పాదం 34వ సూత్రంలో హింస వంటివి తాను చేసినవి, ఇతరుల చేత చేయించినవి, చేస్తుంటే ఔనన్నవి అని మూడు. లోభం వల్ల, క్రోధం వల్ల, మోహం వల్ల అని ఒక్కోటి మూడు. మళ్ళీ తేలిక, మధ్యమం, తీవ్రం. వ్యాసభాష్యం లెక్క కట్టింది, హింస 27 రకాలు. "నేనసలు ఎవర్నీ ఏమీ అననండీ" అనే మనిషి కూడా ఎవరినో తిడుతూ వచ్చిన వాట్సాప్ సందేశాన్ని మరో పది గ్రూపుల్లోకి పంపితే, అనుమోదించిన లెక్కలోకి వచ్చేశాడు.

దీనికి ఆయన చెప్పిన మందు ప్రతిపక్షభావన. చాలామంది దీన్ని "వాడు మంచివాడే, మంచివాడే" అని మనసుకి నచ్చజెప్పుకోవడం అనుకుంటారు. మనసు ఒప్పుకోదు, ఇంకా మండుతుంది. సూత్రంలో ఉన్నది వేరు: "దుఃఖాజ్ఞానానంతఫలాః". ఈ దారిలో వెళితే అంతులేని దుఃఖం, అజ్ఞానం ఫలం అని దాని పర్యవసానం చూడటం. అందాకా వెళ్ళి చూడండి. ఈ మాట అంటాను, తర్వాత వాడేమంటాడు, రేపు ఇంట్లో ఎలా ఉంటుంది, వచ్చే సంక్రాంతికి ఎవరు వస్తారు, ఎవరు రారు.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్న. మరి ఎప్పుడూ ఓర్చుకుంటూనే ఉండాలా? అక్కర్లేదు. నమకం మొదటి నమస్కారమే రుద్రుడి కోపానికి, "నమస్తే రుద్ర మన్యవే". వనపర్వంలో ద్రౌపది ధర్మరాజుని నిలదీస్తూ, ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాట ఎత్తింది: "న శ్రేయః సతతం తేజో న నిత్యం శ్రేయసీ క్షమా". ఎప్పుడూ తీక్ష్ణంగా ఉండటమూ మేలు కాదు, ఎప్పుడూ క్షమించడమూ మేలు కాదు. ఎప్పుడూ మండిపడేవాణ్ణి చూసి జనం ఇంట్లో దూరిన పాముని చూసినట్టు జడుస్తారు. ఎప్పుడూ మెత్తగా ఉండేవాణ్ణి సొంత నౌకర్లు కూడా లెక్కచెయ్యరు. ఎవర్ని క్షమించాలో కూడా చెప్పాడు. ఇదివరకు నీకు మేలు చేసినవాడు పెద్ద తప్పు చేసినా క్షమించు. తెలియక చేశాడని విచారించి తేల్చుకుంటే క్షమించు. ఎవరైనా సరే, మొదటి తప్పు క్షమించు. కావాలని చేసి తెలియక చేశానని బొంకేవాణ్ణి మాత్రం, తప్పు చిన్నదైనా వదలవద్దు. ధర్మరాజు బదులు చెబుతూ, తేజస్వి అని పండితులు ఎవర్ని అంటారో వాడి లోపల కోపం ఉండదన్నాడు. ఇద్దరి మాటా కలిపి చూస్తే దారి కనపడుతుంది. దండించాల్సి వస్తే దండించు, ఊగిపోతూ మాత్రం దండించకు.

కాబట్టి ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకి క్షమ గురించి చెప్పేవాళ్ళు శాస్త్రం సగమే చదివినవాళ్ళు. అది మొదటి తప్పూ కాదు, తెలియక చేసిందీ కాదు. ఆమె 181కి ఫోన్ చెయ్యాలి, ప్రాణం మీదికి వస్తే 112కి. అలాగే, కోపం వచ్చాక ఏం చేశానో గుర్తుండటం లేదు, వస్తువులు పగలగొడుతున్నాను, నన్ను నేను గాయపరచుకుంటున్నాను అనేవాళ్ళు జపంతో సరిపెట్టుకోవద్దు. డాక్టర్ని కలవండి. 14416 టెలీ మానస్‌కి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎదుటివాళ్ళ కోపం గురించి కొంచెమే చెబుతాను. కిష్కింధలో లక్ష్మణుడు నిప్పులు కక్కుతూ వస్తే సుగ్రీవుడు ఎదురుపడలేకపోయాడు, తారని పంపాడు. ఆమె మొదటి మాట "కిం కోపమూలం", నీ కోపానికి మూలమేమిటి రాజకుమారా అని. ముందే శాంతించమనలేదు. సుగ్రీవుడి తప్పు కాదని బుకాయించలేదు. మూలం అడిగింది, తప్పు ఒప్పుకుంది, జరుగుతున్న పని వివరించింది. కోపంలో ఉన్నవాళ్ళని "ముందు నువ్వు శాంతంగా ఉండు" అంటే ఇంకా రెచ్చిపోతారు. మూలం అడగండి.

సభ నుంచి ప్రశ్న: పండగ రోజుల్లో, పూజ చేసేటప్పుడే మా ఇంట్లో అందరికీ కోపం ఎక్కువ. ఎందుకండీ?

అమ్మా, చాలా ఇళ్ళలో ఇదే. ఇందాక చెప్పుకున్న రెండూ అక్కడ కలుస్తాయి. ఆకలి ఒకటి. తెల్లవారుజామున లేచి, మడి కట్టుకుని, పదకొండింటి దాకా కాఫీ కూడా లేదు. నిద్ర చాలదు. రెండోది చెప్పని కోరిక. అంతా లోపం లేకుండా జరగాలి, పిల్లలు పిలవగానే స్నానం చేసి రావాలి. వాళ్ళేమో ఫోన్లు చూస్తుంటారు. మడిబట్ట ఎవరో తాకారు, అంతే. ముందురోజు రాత్రే వత్తులు, తమలపాకులు, పసుపు కుంకుమ, అక్షతలు పళ్ళెంలో సర్దిపెట్టుకోండి. ఎవరు ఏ పని చెయ్యాలో ముందురోజే పేరుపెట్టి చెప్పండి. ఉపవాసం ఉండలేని వయసులో పాలో పండో తీసుకుని కూర్చోండి. తొమ్మిది రకాల పిండివంటలు చేసి అరిచేకంటే ఒక్క పరమాన్నం చేసి నవ్వుతూ హారతి ఇవ్వడం మేలు. "మనఃప్రసాదః సౌమ్యత్వం", మనసు తేటగా ఉండటం, సౌమ్యంగా ఉండటం అని గీత 17వ అధ్యాయంలో మానసిక తపస్సులో మొదట చెప్పింది అదే.

ఇంకో ప్రశ్న: ఏ స్తోత్రం చదివితే కోపం తగ్గుతుంది?

మీ ఇంట్లో అలవాటున్నది ఏదైనా సరే. కొత్తది వెతకవద్దు. కానీ వేళ మార్చండి. ఎప్పుడు కోపం ఎక్కువ వస్తుందో ఆ వేళకి పావుగంట ముందు చదవండి. సాయంత్రం ఆరున్నరకి పిల్లల చదువు దగ్గర గొడవ అయితే, ఆరుంపావుకి దీపం పెట్టి కూర్చోండి. గొంతెత్తి, నెమ్మదిగా, ఒక్కో పాదం ఒక్కో ఊపిరిలో వదులుతూ. ఒక మండలం, 40 రోజులు, తలుచుకోగానే కాదు, అదే వేళకి. మధ్యలో ఒకరోజు అరిచేస్తే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టవద్దు, మర్నాడు కొనసాగించండి.